కమ్యూనిటీ కాలేజీలో గణితం: ఏ మెట్టు ఎక్కాలి, ఎక్కడ కాలు జారుతుంది

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, అక్కడి నుంచి యూనివర్సిటీకి మారి ఇంజినీరింగో, కంప్యూటర్ సైన్సో, గణితమో పూర్తి చేద్దామనుకునే విద్యార్థికి ముందుగా తేలాల్సింది ఒకటే: మొదటి సెమిస్టర్‌లో ఏ లెక్కల క్లాసులో కూర్చోవాలి? చరిత్ర, ఇంగ్లిష్, ఎకనామిక్స్ లాంటివి ఈ టర్మ్‌లో కుదరకపోతే వచ్చే టర్మ్‌లో తీసుకోవచ్చు. గణితానికి ఆ వెసులుబాటు లేదు. కాలిక్యులస్ 1 పాసైతేనే 2, అది పాసైతేనే 3. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా వాటి వెనకాలే వస్తాయి. ఫిజిక్స్ క్లాసులు కూడా కాలిక్యులస్‌నే పట్టుకుని నడుస్తాయి. యూనివర్సిటీలు ట్రాన్స్‌ఫర్ విద్యార్థులను ఎక్కువగా ఫాల్‌లోనే, అంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే టర్మ్‌లోనే చేర్చుకుంటాయి కాబట్టి, గొలుసులో ఒక్క క్లాసు తప్పితే పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఏడాది.

ఇలినాయ్‌లోని జోలియట్‌లో 1901లో మొదలైన జూనియర్ కాలేజీ నుంచి లెక్కేస్తే ఈ కాలేజీలకు నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. నియమాలు రాష్ట్రానికో తీరు. 116 కాలేజీలతో దేశంలో అతి పెద్ద వ్యవస్థ కాలిఫోర్నియాది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఫ్రీమాంట్, కూపర్టినో, శాన్ రామోన్ ఊళ్లూ అక్కడే ఉన్నాయి. అందుకే ఈ వ్యాసంలో చెప్పేది ప్రధానంగా కాలిఫోర్నియా సంగతి.

మొదటి మెట్టు ఏది అన్న ప్రశ్నకు అక్కడ ఇరవై ఏళ్ల కిందట ఒక జవాబు ఉండేది, ఇప్పుడు మరొకటి ఉంది. అప్పట్లో చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవారు. అందులో వచ్చిన మార్కును బట్టి కొందరిని అంకగణితంలో, కొందరిని ప్రీ ఆల్జీబ్రాలో, ఎలిమెంటరీ ఆల్జీబ్రాలో, ఇంటర్మీడియట్ ఆల్జీబ్రాలో కూర్చోబెట్టేవారు. వీటిలో ఏదీ యూనివర్సిటీ లెక్కలోకి రాదు. పునాది గట్టిపడుతుందన్నది ఉద్దేశం. ఆ మెట్ల వరుస ఏం చేస్తుందో ఒక ఊహా లెక్క వేసి చూడవచ్చు. ప్రతి క్లాసులోనూ నూటికి 70 మంది పాసవుతారనీ, పాసైనవారిలో నూటికి 80 మంది తర్వాతి క్లాసులో చేరతారనీ అనుకుందాం. రెండూ చెడ్డ అంకెలేమీ కావు. యూనివర్సిటీ స్థాయి క్లాసుకు మూడు మెట్లు కింద 100 మంది మొదలుపెడితే, మొదటి క్లాసు పాసయ్యేది 70, రెండోదానిలో చేరేది 56, పాసయ్యేది 39. మూడోదానిలో చేరేది 31, పాసయ్యేది 22. చివరికి యూనివర్సిటీ స్థాయి క్లాసులో అడుగుపెట్టేది 18 మందికి లోపు, అది పాసయ్యేది 12 మంది. ఏ ఒక్క క్లాసూ ఘోరంగా లేదు, అయినా 88 మంది రాలిపోయారు. లెక్కలు రాక కొందరు పోయారు. పాసై కూడా తర్వాతి టర్మ్‌లో ఉద్యోగం వేళలు మారో, ఇల్లు మారో, డబ్బు చాలకో చేరనివారు ఎందరో. మెట్లు ఎన్ని ఎక్కువైతే ఆగిపోయే చోట్లు అన్ని.

ఈ గుణకారమే 2017లో ఏబీ 705 అనే చట్టానికి దారి తీసింది. ఏడాదిలోగా యూనివర్సిటీ స్థాయి గణితం, ఇంగ్లిష్ పూర్తి చేసే అవకాశం ఎక్కడ ఎక్కువగా ఉంటుందో అక్కడే విద్యార్థిని చేర్చాలని ఆ చట్టం చెప్పింది. ప్లేస్‌మెంట్ పరీక్ష బదులు హైస్కూల్ గ్రేడ్లు చూడమంది. 2019 ఫాల్ నాటికి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2022లో వచ్చిన ఏబీ 1705 ఇంకో అడుగు ముందుకేసి, సైన్స్, ఇంజినీరింగ్ విద్యార్థులను వీలైనంతవరకు నేరుగా కాలిక్యులస్‌లోనే చేర్చే దిశగా కాలేజీలను నడిపింది. ఆ భాగం అమలు 2025 ఫాల్‌కు వచ్చింది. బలహీనంగా ఉన్నవారికి విడిగా కింది క్లాసు పెట్టకుండా, అదే టర్మ్‌లో కాలిక్యులస్ పక్కనే ఒకటి రెండు యూనిట్ల (యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు) సహాయక క్లాసు పెడతారు. దాన్నే కోరిక్విజిట్ అంటారు.

ఈ మార్పు మీద లెక్కల టీచర్లలో ఏకాభిప్రాయం లేదు. నిచ్చెన పద్ధతి ఎక్కువ మందిని ముంచిందన్నది పై లెక్కే చెబుతోంది. కాబట్టి దాన్ని తీసేయడం సబబే. అయితే హైస్కూల్లో ట్రిగొనోమెట్రీ ముఖమే చూడని విద్యార్థికి ‘నేరుగా కాలిక్యులస్’ అన్న తలుపు తెరిచి, సహాయక క్లాసును ఇష్టమైతే తీసుకోమని వదిలేస్తే మేలు జరగదు. అలాంటి విద్యార్థి ఆ ఒకటి రెండు యూనిట్లను అదనపు భారమని మానుకోకూడదు. కాలిక్యులస్‌లో ఆ వారం వాడబోయే ఆల్జీబ్రాను ఆ వారమే నేర్పే చోటు అదొక్కటే. ట్రిగొనోమెట్రీ, లాగరిథమ్స్ అసలు చదవనివారు వాటిని నేర్పే కింది మెట్టు, ప్రీకాలిక్యులస్ దొరుకుతుందేమో కాలేజీలో కౌన్సెలర్‌ను నేరుగా అడగాలి. దొరికితే మొదటి ఫాల్‌కు ముందు వచ్చే వేసవిలోనే పూర్తి చేసుకోవాలి.

అందరికీ కాలిక్యులస్ అక్కర్లేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. నర్సింగ్, సైకాలజీ, సోషియాలజీ వైపు వెళ్లేవారికి స్టాటిస్టిక్స్ చాలు. కామర్స్ వైపు వారికి సాధారణంగా బిజినెస్ కాలిక్యులస్ ఉంటుంది. ఇంజినీరింగ్, ఫిజిక్స్, గణితం వారికి మాత్రం పూర్తి వరుస తప్పదు. తరచుగా జరిగే నష్టం ఒకటుంది: తేలిగ్గా ఉంటుందని బిజినెస్ కాలిక్యులస్ తీసుకుని, ఏడాది తర్వాత కంప్యూటర్ సైన్స్‌కు మారడం. ట్రిగొనోమెట్రీ ఉన్న కాలిక్యులస్ 1కు అది బదులు కాదు. మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, ఇంకా తేలని విద్యార్థి బరువైన వరుసలోనే మొదలుపెడితే, తర్వాత మనసు మారినా చదివింది వృథా కాదు.

ఇక వేళ సంగతి. ఒక సెమిస్టర్ యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటలు ఇంటి పని. కాలిక్యులస్ సాధారణంగా నాలుగు లేదా ఐదు యూనిట్లు. ఐదు యూనిట్లయితే వారానికి 5 గంటలు క్లాసు, 10 గంటలు ఇంట్లో, వెరసి 15. దానికి తోడు ఐదు యూనిట్ల కెమిస్ట్రీ, మూడు యూనిట్ల ఇంగ్లిష్ కలిపితే 13 యూనిట్లు, అంటే 39 గంటలు. వారానికి 20 గంటల ఉద్యోగం కూడా ఉంటే 59. ఈ లెక్కను రిజిస్ట్రేషన్‌కు ముందే కాగితం మీద వేసుకోవాలి. కాలిక్యులస్ ఫెయిలైన చాలామంది విషయంలో ఆ 10 గంటలు వారపు పట్టికలో ఎక్కడా కనబడవు. రాత్రి పదకొండు తర్వాత చేద్దామని వదిలేసిన గంటలు అవి.

వేసవి క్లాసుల్లో ఇదే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. నాలుగు యూనిట్ల కోర్సును ఆరు వారాల్లో చెబితే వారానికి పది, పన్నెండు గంటలు క్లాసే ఉంటుంది. దానికి రెట్టింపు ఇంటి పని. సోమవారం చెప్పిన పద్ధతి మీద బుధవారం క్విజ్. ప్రీకాలిక్యులస్‌కు, లీనియర్ ఆల్జీబ్రాకు వేసవి సరిపోతుంది. కాలిక్యులస్ 2కు మాత్రం వేసవి మంచి చోటు కాదు. అందులో ఉన్నవి ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే పద్ధతులు, ఒక్కోటి చేతికి అలవాటు కావడానికి నిద్రలు, వారాలు పట్టే రకం.

ఫీజు కాలిఫోర్నియా నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. ఐదు యూనిట్ల కాలిక్యులస్‌కు 230 డాలర్లు. ఆదాయం తక్కువున్నవారికి కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ కింద అదీ మాఫీ అవుతుంది. బయటి రాష్ట్రాలవారికి, ఎఫ్‌1 వీసా మీద వచ్చినవారికి దీనికి ఎన్నో రెట్లు. ఖర్చు దాగి ఉండేది ఆన్‌లైన్ హోంవర్క్ యాక్సెస్ కోడ్‌లో. షెడ్యూల్‌లో పుస్తకాల ఖర్చు లేని సెక్షన్లను విడిగా గుర్తు పెట్టి చూపిస్తారు. ఓపెన్‌స్టాక్స్ వారి ఉచిత కాలిక్యులస్ పుస్తకాలు మూడు భాగాలూ చాలా సెక్షన్లకు సరిపోతాయి.

రెండు తేదీలు గోడ మీద రాసి పెట్టుకోదగ్గవి. ఒకటి, టర్మ్‌లో సుమారు ఐదో వంతు గడిచేటప్పటికి వచ్చేది. ఆలోగా క్లాసు వదిలేస్తే రికార్డులో ఏమీ ఉండదు. రెండోది, సుమారు ముప్పావు వంతుకు వచ్చేది. ఆలోగా వదిలితే రికార్డులో ‘డబ్ల్యూ’ (విత్‌డ్రాయల్, మధ్యలో మానేసినట్టు గుర్తు) పడుతుంది, ఆ తర్వాత మిగిలేది గ్రేడే. సాధారణంగా మొదటి మిడ్‌టర్మ్ మొదటి తేదీ దాటాకే వస్తుంది. కాబట్టి మొదటి మూడు వారాల హోంవర్క్‌ను పరీక్షలాగే చూసుకోవాలి. పుస్తకం మూసి, సొల్యూషన్ చూడకుండా పదిలో ఏడు లెక్కలు రాకపోతే అప్పుడే ట్యూటరింగ్ సెంటర్‌కు వెళ్లాలి. డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నం కింద లెక్కే, ఒకే కోర్సును ఎన్నిసార్లు తీసుకోవచ్చన్నదానికి పరిమితి ఉంది.

ఇంతకీ క్లాసులో కాలు జారేదెక్కడ? చాలావరకు కాలిక్యులస్‌లో కాదు, భిన్నాల్లోనూ బ్రాకెట్లలోనూ. ఒక మామూలు లెక్క తీసుకుందాం. 1 బై ఎక్స్ అనే ప్రమేయానికి, ఎక్స్ విలువ 3 దగ్గర, నిర్వచనం నుంచి అవకలజం కనుక్కోవాలి. అంటే 1/(3+హెచ్) లోంచి 1/3 తీసేసి, వచ్చినదాన్ని హెచ్‌తో భాగించి, హెచ్‌ను సున్నా వైపు పంపాలి. ఇందులో కాలిక్యులస్ చివరి ముక్క మాత్రమే. ముందున్నదంతా ఏడో తరగతి క.సా.గు. పని. ఉమ్మడి హారం 3(3+హెచ్). లవం 3 − (3+హెచ్), అంటే −హెచ్. దాన్ని హెచ్‌తో భాగిస్తే −1/(3(3+హెచ్)). హెచ్ సున్నాకు వెళ్తే జవాబు −1/9.

తప్పులు రెండు చోట్ల వస్తాయి. బ్రాకెట్ రాయని విద్యార్థి లవాన్ని 3 − 3 + హెచ్ అని రాసి +1/9 తెస్తాడు. ఇంకో విద్యార్థి 1/(3+హెచ్) ను 1/3 + 1/హెచ్ గా విడగొడతాడు. 1/3 పోయి హెచ్‌లు కింద మిగిలిపోతాయి, లిమిట్ లేదని రాసేస్తాడు. ఇద్దరికీ లిమిట్ అంటే ఏమిటో తెలుసు. మార్కులు పోయింది భిన్నాల దగ్గర. వర్గమూలాల్లోనూ ఇదే జబ్బు: 9+16 కు వర్గమూలం 5, విడివిడిగా తీసి కలిపితే 3+4, అంటే 7. అంకెలతో రాస్తే ఎవరూ పొరబడరు. అంకెల స్థానంలో అక్షరాలు రాగానే చెయ్యి తనంతట తాను విడగొట్టేస్తుంది. దీనికి మందు ఒకటే: అనుమానం వచ్చిన ప్రతి మెట్టులోనూ అక్షరం బదులు ఒక చిన్న అంకె పెట్టి రెండు వైపులా సరిపోతున్నాయో చూడటం. పది సెకన్ల పని. పై లెక్కలో ఇంకో తనిఖీ కూడా ఉంది. 1 బై ఎక్స్ గ్రాఫు ఎడమ నుంచి కుడికి దిగుతుంది, కాబట్టి వాలు ధనాత్మకం కాకూడదు. +1/9 రాసిన విద్యార్థి గ్రాఫును ఒక్కసారి తలుచుకుంటే తప్పు తనకే దొరికేది.

పరీక్ష తిరిగి వచ్చాక పోయిన ప్రతి మార్కు పక్కన అది ఆల్జీబ్రా తప్పా, పద్ధతి తెలియకపోవడమా, ప్రశ్న అర్థం కాకపోవడమా అని గుర్తు పెట్టుకోవాలి. సగానికి పైగా మొదటి రకమైతే కాలిక్యులస్ అధ్యాయాలు మళ్లీ చదవడం వల్ల లాభం లేదు. రోజూ ఇరవై నిమిషాలు భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలు చేతితో చేయడమే పని.

కాలిక్యులస్ 2లో జబ్బు వేరు. అక్కడ అనంత శ్రేణుల దగ్గర సూత్రం వాడే అలవాటు మాత్రమే ఉన్నవారు దారి తప్పుతారు. పదాలు సున్నాకు దగ్గరవుతున్నాయి కాబట్టి మొత్తం ఒక విలువ దగ్గర ఆగుతుందని రాయడం అందరూ చేసే తప్పు. 1 + 1/2 + 1/3 + 1/4 … తీసుకుంటే పదాలు సున్నా వైపే పోతాయి. కానీ 1/3 + 1/4 సగం కంటే ఎక్కువ. 1/5 నుంచి 1/8 వరకు నాలుగూ కలిపితే మళ్లీ సగం కంటే ఎక్కువ. తర్వాతి ఎనిమిదీ అంతే. సగాలు ఇలా కలుస్తూనే ఉంటాయి కాబట్టి మొత్తానికి అంతు లేదు. పెరగడం మాత్రం నత్తనడక: మొత్తం 10 దాటడానికి 12,367 పదాలు కావాలి. కాలిక్యులేటర్‌లో నొక్కి చూసేవారికి ఆగిపోయినట్టే కనిపిస్తుంది. శ్రేణుల పరీక్షలో ఏ పద్ధతి ఎందుకు వాడారో ఒక వాక్యంలో రాయాలి. జవాబు సరైనా కారణం రాయకపోతే మార్కులు రావు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చినవారికి సరిగ్గా ఇక్కడే దెబ్బ తగులుతుంది. వారికి అవకలనం, సమాకలనం కొట్టిన పిండి. శాంకవాల్లో ఇక్కడివారి కంటే చాలా లోతుగా చదివి ఉంటారు. కాలిక్యులస్ 1 మొదటి నెల తేలిగ్గా గడిచిపోతుంది, క్లాసుకు వెళ్లకపోయినా ఫర్వాలేదనిపిస్తుంది. అయితే శ్రేణుల అభిసరణ పరీక్షలు, టేలర్ శ్రేణులు ఎంపీసీ సిలబస్‌లో లేవు. పైగా నీళ్ల ట్యాంకు నిండే వేగం, గోడకు ఆనించిన నిచ్చెన జారే వేగం లాంటి మాటల లెక్కలకు మార్కులు ఎక్కువ ఉంటాయి. వాటిలో సమీకరణం రాసుకోవడమే అసలు పని, అవకలనం ఒక్క లైను. జవాబు పక్కన కొలమానం (మీటర్లు, సెకన్లు లాంటివి) రాయకపోయినా, మధ్య మెట్లు మింగేసినా మార్కులు తగ్గుతాయి. ఎంసెట్ అలవాటులో షార్ట్‌కట్‌తో జవాబు తెచ్చిన విద్యార్థికి సగం మార్కులే ఎందుకు వచ్చాయో మొదట అర్థం కాదు.

ఒంటరిగా చదవడం మరో అడ్డంకి. బర్కిలీ యూనివర్సిటీలో గణితజ్ఞుడు యూరీ ట్రైస్‌మన్ 1970ల్లో కాలిక్యులస్ విద్యార్థులు ఎలా చదువుతున్నారో దగ్గరుండి గమనించారు. బాగా రాణిస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు కలిసి లెక్కలు చేసి, ఒకరి పని ఒకరు సరిచూసుకుంటున్నారు. కష్టపడుతున్నా వెనకబడిన నల్లజాతి విద్యార్థుల్లో చాలామంది ఒక్కరే కూర్చుని చదువుతున్నారు. ఆ గమనిక నుంచి ఆయన కఠినమైన లెక్కలను గుంపుగా చేసే వర్క్‌షాపులు మొదలుపెట్టారు. కమ్యూనిటీ కాలేజీలో సాధారణంగా హాస్టల్ ఉండదు. క్లాసు అవగానే అందరూ కార్లెక్కి ఉద్యోగాలకు పోతారు. గుంపు దానంతట అది ఏర్పడదు. మొదటి వారంలోనే ముగ్గురు నలుగురు కలిసి, క్లాసు అయిన వెంటనే ఒక గంట ట్యూటరింగ్ సెంటర్‌లో కూర్చునేలా వేళ కుదుర్చుకోవాలి. ముందు ఎవరి లెక్క వారు చేసుకుని వచ్చి, రానివే బల్ల మీద పెట్టాలి. ఒకరు చేస్తుంటే మిగతావారు రాసుకునే గుంపు ఎవరికీ ఉపయోగపడదు.

ట్రాన్స్‌ఫర్ విషయంలో నమ్మదగిన పత్రం అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉండే ఒప్పందం. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అందులో ఉంటుంది. యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కనీసం 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు నిర్ణీత అర్హతలుంటే ముందస్తు హామీతో చేరే టాగ్ పద్ధతి ఉంది. దానికి దరఖాస్తు సెప్టెంబర్ నెలలోనే. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఆ జాబితాలో లేవు. టాగ్ ఇచ్చే చోట కూడా అన్ని మేజర్లకూ వర్తించదు.

లెక్కల గొలుసును ఈ తేదీలతో కలిపి చూస్తే ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది. మొదటి ఫాల్‌లో ప్రీకాలిక్యులస్‌తో మొదలుపెట్టినవారు స్ప్రింగ్‌లో కాలిక్యులస్ 1, రెండో ఫాల్‌లో 2, రెండో స్ప్రింగ్‌లో 3 చేస్తారు. దరఖాస్తు రెండో ఫాల్‌లోనే, అంటే కాలిక్యులస్ 2 నడుస్తుండగానే వెళ్తుంది. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండూ చివరి స్ప్రింగ్‌లో కాలిక్యులస్ 3 పక్కన కుక్కాలి, లేదా మూడో ఏడాది ఉండాలి. పోటీ ఎక్కువున్న మేజర్లు ఇవన్నీ స్ప్రింగ్ ముగిసేలోపే కావాలంటాయి, చివరి వేసవిని లెక్కలోకి తీసుకోవు. ప్రీకాలిక్యులస్‌ను ముందు వేసవికి జరిపితే ఈ ఇరుకంతా పోతుంది. చిన్న కాలేజీల్లో పై కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు, చేరేవారు తక్కువైతే రద్దు కూడా చేస్తారు. గత రెండేళ్ల షెడ్యూళ్లు చూసుకుంటే ఏ టర్మ్‌లో వస్తుందో తెలుస్తుంది.

వరుస మధ్యలో కాలేజీ మారడం ఇంకో చిక్కు. కూపర్టినోలోని డి ఆంజా కాలేజీది క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్ కంటే చిన్న టర్మ్‌లు), కాలిక్యులస్ నాలుగు ముక్కలు. ఫ్రీమాంట్‌లోని ఒలోనిది సెమిస్టర్ పద్ధతి, మూడు ముక్కలు. సెమిస్టర్ కాలిక్యులస్ 2లో వచ్చే అనంత శ్రేణులు క్వార్టర్ వరుసలో మూడో ముక్కలో వస్తాయి. రెండు క్వార్టర్లు చదివి సెమిస్టర్ కాలేజీలో కాలిక్యులస్ 3కు వెళ్దామనుకుంటే శ్రేణులు మధ్యలో ఎగిరిపోతాయి. మొదలుపెట్టిన చోటే వరుస పూర్తి చేయడం మేలు.

బే ఏరియా తెలుగు ఇళ్లలో ఈ కాలేజీల గడప ముందుగా తొక్కేది చాలాసార్లు హైస్కూల్ పిల్లలే. పదో, పదకొండో తరగతిలో ఏపీ కాలిక్యులస్ బీసీ (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కాలిక్యులస్) అయిపోయినవారికి స్కూల్లో పై లెక్కలు ఉండవు. వారు కాలిక్యులస్ 3, లీనియర్ ఆల్జీబ్రా ఇక్కడ తీసుకుంటారు. టర్మ్‌కు 11 యూనిట్ల వరకు సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు. అయితే ఆ గ్రేడ్ పిల్లల కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉంటుంది, తర్వాత ఏ యూనివర్సిటీకి దరఖాస్తు చేసినా చూపించాలి. ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు పదిహేనైనా సరే. స్కూల్లో లాగా అమ్మానాన్నలు ఫోన్ చేసి మార్కులు అడిగితే ప్రొఫెసర్ చెప్పరు. ఆఫీస్ అవర్స్‌కు, అంటే ప్రొఫెసర్ విద్యార్థులకు కేటాయించిన వేళల్లో వెళ్లి తన పేపర్‌లో ఏం తప్పిందో అడగడం, వదిలేసే తేదీ గుర్తు పెట్టుకోవడం, ట్యూటరింగ్ సెంటర్‌లో పేరు రాయించుకోవడం అన్నీ ఆ పిల్లో పిల్లాడో స్వయంగా చేయాలి. లెక్కలు వచ్చినా ఈ పనులు ఇంకా అలవాటు కాని పిల్లలను ఒక ఏడాది ఆగి చేర్పించడంలో తప్పేమీ లేదు.